అమ్మ తుంటి ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలల ఆన్‌లైన్ ఫిజియోథెరపీ: ఆ కెమెరా లెక్క గురించే నా బాధ

అమ్మకు 74 ఏళ్ళు. బాత్రూంలో జారిపడి కుడి తుంటి విరిగితే కీలు సగం మార్చారు. విశాఖ గోపాలపట్నంలో మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసి దించి, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ ఫిజియోథెరపీకి తిప్పడం మా వల్ల కాలేదు. అందుకే వ్యాయామాలు చేయించే యాప్, వారానికో వీడియో కాల్ కలిపిన ప్యాకేజీ తీసుకున్నాం.

ఫోన్ ఎదురుగా నిలబెడితే కాలు ఎన్నిసార్లు కదిలిందో కెమెరాయే లెక్కపెడుతుంది. మొదట్లో అది చూసి మురిసిపోయి చుట్టాలందరికీ చెప్పాను. అప్పుడు అమ్మ మంచం మీద పడుకుని మడమ జరిపేది, పాదం బాగా కనబడేది. నిలబడి చేసేవి వచ్చాక సంగతి తెలిసింది.

వాకర్ పట్టుకుని కాలు పక్కకు ఎత్తాలి, పదిసార్లు. అమ్మ కట్టేది నేతచీర. కుచ్చిళ్ళు మోకాలిని కప్పేస్తాయి. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. ‘ఇంకా పది కాలేదే’ అని అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. స్టవ్ కట్టేసి వచ్చేసరికి తెర మీద ఏడు. అమ్మ ముఖమంతా చెమట, వాకర్ బిగించి పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఎన్నిసార్లు ఎత్తిందో తనకే తెలియదు.

మర్నాడు తుంటి పక్కన నొప్పి, అడుగు వేయాలంటే భయం. నాకు ఒకటే టెన్షన్. ఫిజియో అమ్మాయి వీడియోలోకి వచ్చి పిక్క వాచిందా, రెండు కాళ్ళ పొడవూ సమానంగా ఉందా, పాదం ఏ పక్కకైనా తిరిగిపోయిందా అని ఒక్కొక్కటే చూపించమంది. అవేవీ లేవు. కండరం అలిసిందని రెండు రోజులు ఆ వ్యాయామం ఆపించింది. ‘వీటిలో ఏ ఒక్కటి కనబడినా నా కాల్ కోసం ఆగకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి’ అని గట్టిగా చెప్పింది.

తర్వాత అమ్మతో, ‘ఆ అంకె చూడొద్దమ్మా, మీరే పైకి లెక్కపెట్టండి. ఊపిరి బిగపట్టకుండా ఉంటారు’ అంది. అమ్మ ‘లాభం, రెండు, మూడు’ అని మొదలుపెట్టింది. వడ్లు కొలిచిన ఇంట్లో పుట్టింది, ఒకటి అనే మాట నోట రాదు. అప్పటి నుంచి ఇంట్లో అదే లెక్క. మధ్యలో నేను, ‘పోనీ నైటీ వేసుకోవే, కెమెరాకి కాలు కనబడుతుంది’ అన్నాను. ‘చీర కట్టుకుని నడవలేకపోతే ఆ నడక నాకెందుకే’ అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నిజానికి కట్టిన డబ్బుకు ఫలితం దక్కింది ఆ వీడియో కాల్స్ వల్లే. కర్ర కుడిచేతిలో పట్టుకుంటే, తుంటి కుడిది కాబట్టి ఎడమచేతికి మార్చమంది. ఫోన్ పట్టుకుని ఇల్లంతా చూపించమని, గడప ముందున్న కాళ్ళు తుడుచుకునే పట్టా తీయించింది. వానాకాలంలో నెట్ పోయి కొన్ని కాల్స్ మధ్యలోనే ఆగిపోయాయి, అది కూడా చెప్పాలి.

అమ్మ ఇప్పుడు కర్రతో మెట్లు దిగుతోంది, నేను ఒక మెట్టు ముందుంటాను. ప్యాకేజీ మళ్ళీ కట్టాం, కెమెరా లెక్క మాత్రం ఆపేశాం. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం కాబట్టి మాకు కుదిరింది. అమ్మ ఒక్కతే ఉండి ఉంటే నేను ఇది తీసుకునేదాన్ని కాదు.