సానరాయి ముందు, రంపం తర్వాత: ఆరేళ్ల బాల్కనీ వడ్రంగం

ఆరేళ్లుగా నేను ఒక్క వారం కూడా పక్కన పెట్టని పనిముట్టు సానరాయి. ఒక వైపు 1000, మరో వైపు 6000 నంబరు గరుకు ఉన్న, నీటితో తడిపి వాడే మామూలు రాయి. నంబరు పెరిగే కొద్దీ రాయి నున్నన. ఇంట్లో సరదాగా వడ్రంగం మొదలుపెట్టాలనుకునే మిత్రులు ఏ రంపం మంచిది, ఏ మిషను కొనాలి అని అడిగినప్పుడల్లా ముందు రాయి కొనమంటాను. చాలామందికి ఆ జవాబు నచ్చదు. రాయితో ఏ వస్తువూ తయారు కాదు కదా అంటారు. మొద్దు ఉలితో నాలుగు రోజులు పెనుగులాడి, ఇది మన వల్ల కాదని వదిలేసిన వాళ్లను ముగ్గురిని చూశాను. వాళ్ల ఉలులు తెచ్చి సాన పట్టి ఇచ్చాను. ఇద్దరు మళ్లీ మొదలుపెట్టారు.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. పనంతా 9 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బాల్కనీలోనే. 2019లో మొట్టమొదట కొన్నది కరెంటు గుండ్రటి రంపం. ప్లైవుడ్డును అది చక్కగా కోసింది, ఆ విషయంలో లోపం చెప్పలేను. కానీ దాని మోత పై ఇంటికీ కింది ఇంటికీ వినిపించేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కింద పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంటే ఆపేసి కూర్చున్నాను. దుమ్ము అంతకంటే పెద్ద సమస్య. సన్నని చెక్క పొడి వంటింటి అలమారల దాకా చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చిందని చదివాక, పిల్లలున్న ఇంట్లో ఆ రంపాన్ని తిప్పడానికి మనసు ఒప్పలేదు. రెండు నెలలకే అమ్మేశాను. డ్రిల్లు మాత్రం ఉంచుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను. చెక్కను తోసి నున్నగా చేసే చేతి చిత్రిక నుంచి పొడి రాదు, చుట్టలు తిరిగిన పల్చని పొరలు వస్తాయి. చీపురుతో ఊడిస్తే అయిపోతుంది. గరుకు కాగితం రుద్దేటప్పుడు మాత్రం ఎన్-95 మాస్కు లేకుండా కూర్చోను.

ఇక చిత్రిక. నాది 4వ నంబరు ఇనుప చిత్రిక, 2 అంగుళాల బ్లేడు, పది అంగుళాలకు కాస్త తక్కువ పొడవు. ఈ నంబర్లు అమెరికాలోని స్టాన్లీ కంపెనీ వాడుకలోకి తెచ్చినవి. లెనార్డ్ బెయిలీ అనే పనిమంతుడి పేటెంట్లను ఆ కంపెనీ 1869లో కొన్నది. ఇప్పుడు చాలా కంపెనీలు ఆ నంబర్లతోనే అమ్ముతాయి కాబట్టి దుకాణంలో నాలుగో నంబరు అని అడిగితే చాలు. అయితే పెట్టెలోంచి తీయగానే పని చేస్తుందని ఆశించకండి. నాది చెక్కను నున్నగా చేయకపోగా, పీకి గుంటలు పెట్టింది. చిత్రికే చెడ్డదనుకుని, మా వీధిలో తలుపులు చేస్తున్న మేస్త్రి గారికి చూపించాను. ఆయన బ్లేడు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి, "దీనికి ఇంకా అంచే పుట్టలేదు సార్" అన్నారు. అరగంట పక్కన కూర్చోబెట్టుకుని సాన పట్టడం నేర్పారు. ఆ అరగంట విలువ నేను కొన్న పనిముట్లన్నిటి కంటే ఎక్కువ.

ముందు బ్లేడు వెనక వైపు, కొన దగ్గర అంగుళం మేర, అద్దంలా చదును కావాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. వాలు వైపు సాధారణంగా 25 డిగ్రీలకు అరగదీసి ఉంటుంది. దాన్ని కాస్త పైకెత్తి, కొన మాత్రమే 30 డిగ్రీల దగ్గర 1000 రాయి మీద రుద్దుతూ పోవాలి. ఎంతసేపు? వెనక వైపు వేలితో తడిమితే సన్నని ముల్లు లాంటి అంచు, ఈ చివర నుంచి ఆ చివర దాకా తగిలే వరకు. ఆ ముల్లు రాకముందే 6000 వైపుకు తిప్పడం నేను నెలల తరబడి చేసిన తప్పు. అలా చేస్తే మొద్దు అంచు మెరుస్తుందే తప్ప తెగదు. రాయి కూడా మధ్యలో అరిగి పల్లం పడుతుంది. మందపాటి గాజు పలక మీద తడి గరుకు కాగితం పరిచి, దాని మీద రుద్ది చదును చేస్తుంటాను. చిత్రిక అడుగు భాగాన్ని సరిచేసింది కూడా ఆ గాజు మీదే. రెండు సాయంత్రాలు పట్టింది. బ్లేడు మీద బిగించే రెండో ఇనుప పలకను, అంటే మూత ఇనుమును, అంచుకు 1 మిల్లీమీటరు దూరంలో బిగించాక, టేకు మీద మొదటిసారి ఉల్లిపొర లాంటి పొర లేచింది. ఆ పొరను వెలుగుకు పెట్టి చూస్తే అవతలి వేళ్లు కనిపించాయి. చాలాసేపు దాన్ని పారేయలేకపోయాను.

ఉలులు నాలుగు కలిపి చవకగా వచ్చే సెట్టు కొన్నాను. వాటి ఉక్కు మెత్తన, గట్టి చెక్క మీద కొన మడత పడుతుంది. నాలుగూ మార్చాల్సిన పని లేదు, ఎక్కువగా వాడే 12 మిల్లీమీటర్లది ఒక్కటి మంచిది కొనుక్కుంటే సరిపోయింది. దాని పొడవు ఇప్పటికి సానకే దాదాపు అర సెంటీమీటరు తగ్గింది. రంపం విషయానికొస్తే, లాగినప్పుడు కోసే జపాన్ పద్ధతి రంపం వాడుతున్నాను. బ్లేడు పల్చన, గీత తప్పదు, కొత్తవాళ్లకు హాయి. పళ్లు మళ్లీ సాన పట్టడానికి వీలుకాని రకం కాబట్టి రెండుసార్లు బ్లేడు మార్చాను.

తేలికపాటి బల్ల మీద మాత్రం చిత్రిక పట్టలేరు. తోసిన ప్రతిసారీ బల్ల కూడా నడుస్తుంది. నేను దాన్ని గోడకు బోల్టులతో బిగించి, కింది అరలో మిగిలిపోయిన గ్రానైటు ముక్కలు నింపాను.

చెక్క కోసం కొత్త దుంగల వైపు చూడకుండా, కూల్చిన పాత ఇళ్ల తలుపులూ కిటికీలూ అమ్మే అడితికి వెళ్తాను. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరితేరిన టేకు దొరుకుతుంది. లోపల విరిగిన మేకులుంటాయి. అయస్కాంతం పట్టుకుని ప్రతి ముక్కనూ తడిమి చూడాలి. ఒకసారి బద్ధకించి బ్లేడు అంచుకు గాటు పెట్టుకున్నాను, అది పోవడానికి గంటన్నర సాన పట్టింది. టేకులో సహజంగా సిలికా ఉంటుంది, అంచు త్వరగా అరుగుతుంది. నూనె గుణం కూడా ఉంది కాబట్టి జిగురు పూసే ముందు థిన్నరుతో తుడుస్తాను.

ఈ ఆరేళ్లలో నన్ను బాగా బాధపెట్టింది ఒక టీపాయి. 14 అంగుళాల వెడల్పు మామిడి పలకను ఆగస్టులో కింది చట్రానికి మరలతో గట్టిగా బిగించాను. ఏప్రిల్ వచ్చేసరికి నడిమధ్య పగిలింది. చెక్క వానాకాలం అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం అడ్డంగానే కుదించుకుపోతుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. కదలడానికి చోటు లేకపోతే పగలక ఏం చేస్తుంది? ఇప్పుడు చట్రంలో మరల కోసం కోలగా, పలక వెడల్పు దిశలో సాగిన రంధ్రాలు చేస్తున్నాను. తర్వాత చేసిన రెండు బల్లలు మూడు వేసవులు దాటాయి, చీలిక లేదు. వానాకాలంలో ఇనుముకు తుప్పు పట్టకుండా పని ముగిశాక కుట్టు మిషను నూనె రాసిన గుడ్డతో తుడుస్తాను. చెక్కకు అవిసె నూనె పూసిన గుడ్డలను మాత్రం ఎప్పుడూ ఉండ చుట్టి పడేయకండి, అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. దండెం మీద విప్పి ఆరేసి, పూర్తిగా ఎండాక పారేస్తాను.

మొదట ఏం చేయాలని అడిగితే నేను కుర్చీ, బల్ల చెప్పను. వామనగుంటల పీట చేయమంటాను. అతుకులు లేవు, జిగురు లేదు, మేకు లేదు. ఒక్క పలక, వరుసకు ఏడు చొప్పున 14 గుంటలు, ఒక గుండ్రటి ఉలి. చెక్క నార ఎటు వాలి ఉందో, ఉలి ఎటు దిగుతుందో, ఎటు ఎదురు తిరుగుతుందో ఏడో గుంటకల్లా చేతికి తెలుస్తుంది. నాది వేప చెక్కతో చేశాను. మొదటి నాలుగు గుంటలు లోతు చాలక చింతగింజలు పొర్లి పక్క గుంటలో పడేవి. అమ్మ రెండు ఆటలు ఆడి, "ఈ నాలుగూ ఇంకొంచెం తవ్వు నాన్నా" అంది. సాన పట్టి, తవ్వి ఇచ్చాను.