ప్రమాదాల లెక్క: అమెరికా పాత నమూనా, కొత్త నమూనా

అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ప్రాణాంతక ప్రమాదాలన్నింటినీ 1975 నుంచి ఒక్కటి కూడా వదలకుండా నమోదు చేస్తున్నా, మిగతా లక్షలాది ప్రమాదాలను మాత్రం నమూనాల ద్వారానే, అంటే కొన్నింటిని ఎంచుకుని పరిశీలించడం ద్వారానే, అంచనా వేస్తుంది. ఆ పనిని 1988 నుంచి రెండు వ్యవస్థలు చేశాయి: పోలీసు నివేదికల ఆధారంగా అంచనా వేసే జీఈఎస్, ఎంచుకున్న ప్రమాదాలను లోతుగా దర్యాప్తు చేసే సీడీఎస్. జీఈఎస్ స్థానంలో 2016లో సీఆర్‌ఎస్‌ఎస్, సీడీఎస్ స్థానంలో 2017లో సీఐఎస్‌ఎస్ వచ్చాయి.

పోలీసు నివేదికలను ఎంచుకుని సంకేతాలుగా మార్చే పద్ధతి జీఈఎస్‌లోనూ సీఆర్‌ఎస్‌ఎస్‌లోనూ ఒకటే. అసలు తేడా ఎంపికలో ఉంది. పాత వ్యవస్థ దశాబ్దాల కిందట ఎంచుకున్న కౌంటీలనే (మన జిల్లాల వంటివి) పట్టుకుని ఉండగా, ఈలోగా జనాభా, వాహనాల తీరు మారిపోయాయి. కొత్త వ్యవస్థ ప్రాంతాలను మళ్లీ ఎంచుకోవడమే కాక, పాదచారులు, మోటార్‌సైకిళ్ల ప్రమాదాలు నమూనాలో తగినన్ని ఉండేలా ప్రత్యేక వర్గాలను ఏర్పరచింది. వాహన కవచం లేని వీరి ప్రమాదాలు సగటులో కలిసిపోకుండా చూడటం నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మార్పు.

వాహనాన్ని, ఘటనాస్థలాన్ని, గాయాలను స్వయంగా పరిశీలించే లోతైన దర్యాప్తులో, సీడీఎస్ కంటే సీఐఎస్‌ఎస్ కొత్త మోడల్ వాహనాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. నేటి భద్రతా పరికరాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో పాత కార్లు చెప్పలేవు కదా.

అయితే పాత పద్ధతికి ఒక బలం ఉండేది: ఏళ్ల తరబడి తెగని గణాంక శ్రేణి. నమూనా రూపకల్పన మారినందున 2015 అంచనాలను 2016 అంచనాలతో నేరుగా పోల్చి, పెరిగాయనో తగ్గాయనో అనడం సరికాదు.