ఒక్క డాలరు అబద్ధం: ఫెస్టింగర్ కరెక్టా, బెమ్ కరెక్టా?

1959లో మనస్తత్వవేత్తలు ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ స్టాన్‌ఫర్డ్ విద్యార్థులతో గంటసేపు పరమ బోరు పని చేయించి, తర్వాత వచ్చేవాళ్లకి 'భలే సరదాగా ఉంది' అని చెప్పమన్నారు. 20 డాలర్లు అందుకున్నవాళ్లకంటే ఒక్క డాలరు అందుకున్నవాళ్లకే ఆ పని నిజంగా నచ్చినట్టయింది.

ఎందుకిలా? ఫెస్టింగర్ ఏమంటాడంటే, ఇంత చిన్న మొత్తానికి అబద్ధమాడానా అని లోపల అలజడి మొదలవుతుంది, అన్న మాట వెనక్కి రాదు కాబట్టి అభిప్రాయాన్నే మార్చేసుకుంటాం. మరో మనస్తత్వవేత్త డారిల్ బెమ్ (1967) మాత్రం అలజడీ లేదు ఏమీ లేదన్నాడు: మనల్ని మనమే బయటివాడిలా చూసుకుని 'డబ్బు కోసం అనలేదు, అంటే నచ్చే ఉంటుంది' అనుకుంటాం, అంతే.

బెమ్ వాదన సింపుల్, ఒప్పుకోవాలి. కానీ 1974లో జానా, కూపర్ ఒక ఉత్తుత్తి మాత్ర మింగించి, దీంతో టెన్షన్ వస్తుందని చెప్పి, సొంత అభిప్రాయానికి వ్యతిరేకంగా వ్యాసం రాయిస్తే, లోపలి అలజడికి నెపమంతా ఆ మాత్ర మీదకి పోయి అభిప్రాయం మారడమే ఆగిపోయింది. లోపల టెన్షనే లేకపోతే ఇలా జరగదుగా! నా ఓటు ఫెస్టింగర్‌కే. బెమ్ మాట, మనకంటూ గట్టి అభిప్రాయం లేని విషయాల్లో బాగానే పనికొస్తుంది.