విజయశాంతా, మాలాశ్రీయా?

ఫైట్లు చేసే హీరోయిన్లలో ఎవరు గొప్ప, మన విజయశాంతా, కన్నడ తార మాలాశ్రీయా? బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ వాదన తేలదు. ఇక్కడే పెరిగినవాళ్లు మాలాశ్రీ అంటారు, పెళ్లయి ఆంధ్ర నుంచి వచ్చిన వాళ్ల అమ్మలకు విజయశాంతి తర్వాతే ఎవరైనా.

విజయశాంతి 1980లో భారతీరాజా నటించిన తమిళ సినిమాతో అడుగుపెట్టింది. హీరోల పక్కన పాటలు చాలానే చేసింది. 1985లో ‘ప్రతిఘటన’తో జనం ఆమెను వేరుగా చూశారు. 1990లో ‘కర్తవ్యం’కి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. పోలీసు డ్రెస్సు వేసి కొట్టి జాతీయ అవార్డు తెచ్చుకోవడం మాటలా! ఆమె ఫైట్ కంటే ముందు ఆ కోపాన్ని నమ్ముతాం. 1997లో ‘ఒసేయ్ రాములమ్మా’ అదే దారి.

మాలాశ్రీది వేరే రూటు. 1989లో ‘నంజుండి కల్యాణ’లో గడుసు పిల్లగా కన్నడిగులను కట్టిపడేసింది. మనకు ‘ప్రేమఖైదీ’ నాయికగానే గుర్తు. ఫైట్ల హీరోయిన్‌గా స్థిరపడింది తర్వాతే. భర్త, నిర్మాత రాము ఖర్చుకు వెనకాడని మనిషి, అందరూ ‘కోటి రాము’ అనేవారు. 2004లో ఆమె చేసిన ఫైట్ల సినిమా ‘దుర్గి’కి దర్శకుడు మన సాయికుమార్ తమ్ముడు రవిశంకర్.

‘కర్తవ్యం’లో విజయశాంతి పాత్రకు స్ఫూర్తి ఐపీఎస్ అధికారిణి కిరణ్ బేడీ. 2009లో మాలాశ్రీ ఏకంగా ‘కిరణ్ బేడీ’ పేరుతోనే సినిమా చేసింది.

దుమ్ము రేగే ఫైట్లే కావాలంటే మాలాశ్రీ. నటన కూడా కావాలంటే నా ఓటు విజయశాంతికే. కాకపోతే ఆమె రాజకీయాల్లోకి వెళ్లి, 2009లో మెదక్ ఎంపీ అయ్యి, మళ్లీ 2020లో కానీ తెరమీదికి రాలేదు.