బరంపురం షాపోడి "మైనస్ కూడా చదువుద్ది" వోల్టేజి సెన్సర్ కొనకండి బాబూ

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వాళ్లం ఆర్డ్యునో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) సామాన్లు ఎవరి దగ్గర తెప్పించుకుంటామో మీకు తెలుసు. బస్సు పార్శిల్లో పంపుతాడు, ఆయనే. పేరు రాయను.

మా మైక్‌సెట్టు ఆంప్లిఫయర్‌కి రెండు 12 వోల్టుల బ్యాటరీలు, రెండూ కలిసే చోటు గ్రౌండ్, అంటే సున్నా వోల్టులు. అక్కణ్నుంచి చూస్తే ఒకటి ప్లస్ 12, ఇంకోటి మైనస్ 12. ఏ బ్యాటరీ ఎంత దిగిందో ఆర్డ్యునో యూనో బోర్డులో చూద్దామని, మైనస్ వోల్టులు కూడా చదివే సెన్సర్ కావాలని అడిగాను. కవరు మీద "ప్లస్ ఆర్ మైనస్ 25 వోల్టులు" అని స్టిక్కరేసి మరీ పంపాడు. ప్లస్ వైపు బాగానే చూపించింది. మైనస్ వైపు సున్నా. ఎన్నిసార్లు పెట్టినా సున్నానే.

పట్టుకుని షాపుకే వెళ్లాను. కౌంటరు దగ్గర జనం. అందరి ముందూ "ఏటి బాబూ, చదువుకున్నోడివి, ఎర్ర వైరూ నల్ల వైరూ తిప్పి పెట్టుకోడం రాదేటి?" అన్నాడు. ఒకటే నవ్వులు. పైగా మల్టీమీటరు తీసి 9 వోల్టుల బ్యాటరీకి తిరగేసి పెట్టి, "ఇదిగో మైనస్, మీటరుకి వచ్చింది, నీ బోర్డుకి రాదేటి?" అన్నాడు. అంత ధీమాగా చెప్తుంటే నమ్మేశాను, నా తెలివికి దండం పెట్టాలి.

ఇంటికొచ్చి తిప్పి పెట్టాను. జంపర్ వైరు ఎర్రగా కాలి పొగ. బోర్డు మీద గ్రౌండ్ గీత లేచిపోయింది. ల్యాప్‌టాప్ తగిలించి లేదు, అదొక్కటే అదృష్టం.

మీటరుకి దాని బ్యాటరీ దానిది, ఎటు తిప్పినా పర్వాలేదు. నా బోర్డు ఆ బ్యాటరీల మీదే నడుస్తోంది, దాని గ్రౌండ్ అప్పటికే మధ్య చోటుకి కలిసి ఉంది. తిప్పితే బ్యాటరీ నేరుగా షార్టు. రోజూ ఇవే అమ్మేవాడికి ఇది తెలీదా?

ఆ సెన్సర్లో ఉన్నవి రెండు రెసిస్టర్లే, 30 కె (30 వేల ఓమ్‌లు), 7.5 కె. ఇచ్చినదాన్ని ఐదో వంతు చేస్తుంది, అంతే. మైనస్ 12 పెడితే మైనస్ 2.4 వైపే పోతుంది. యూనో పిన్ను 0 నుంచి 5 వోల్టులే చదువుతుంది, సున్నాకి అర వోల్టు కిందికి దాటనివ్వకూడదు. 30 కె అడ్డం ఉండబట్టి మొదటిసారి పిన్ను బతికింది.

ఫోన్ చేస్తే "కాలిన మాలు తీసుకోం" అన్నాడు. ఆ వెంటనే "ఏడీఎస్1115 తీసుకో, అది మైనస్ చదువుద్ది" అట! అది వోల్టులు కొలిచే చిప్పు, రెండు పిన్నుల మధ్య తేడాని మైనస్‌లో చూపిస్తుంది గానీ, ఏ పిన్నూ గ్రౌండ్ కంటే 0.3 వోల్టు మించి కిందికి పోకూడదు. ఇంకోటి కాల్పించేవాడే. గట్టిగా అడిగేసరికి బ్లాక్ చేశాడు.

మైనస్ 12 చూడాలంటే బ్యాటరీ మైనస్ నుంచి పిన్నుకి 30 కె, అదే పిన్ను నుంచి బోర్డు 5 వోల్టులకి 10 కె పెట్టండి. మైనస్ 15 దగ్గర 0, మైనస్ 12 దగ్గర 0.75, సున్నా దగ్గర 3.75 వోల్టులు వస్తాయి. ప్లస్ 5 దాటేది మాత్రం దీనికి పెట్టకండి. రెండు రెసిస్టర్లే, ఏ రేడియో రిపేరు షాపులోనైనా దొరుకుతాయి.