కప్పులేని పెట్టెలో కంబ్రెస్ కనుమ

ఈ రైలెక్కితే బోగీలో కూర్చోకండి. అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇదే. న్యూ మెక్సికోలోని చామా నుంచి కొలరాడోలోని ఆంటొనీటో దాకా 64 మైళ్లు నడిచే కంబ్రెస్ అండ్ టోల్టెక్ ఆవిరి రైలుకి కప్పులేని పెట్టె ఒకటి ఉంటుంది. గొండోలా అంటారు. దానికి వేరే టికెట్ లేదు, ఎవరైనా వెళ్లి నిలబడొచ్చు. మేం నలుగురం మామూలు కోచ్‌కి 460 డాలర్ల దాకా పెట్టాం. ఇంకా ఎక్కువ పెట్టి మెత్తటి సీట్లు తీసుకున్నవాళ్లు కూడా వచ్చి మా పక్కనే నిలబడ్డారు.

నాన్న కోసమే ఈ ప్రయాణం. ఆయన బిట్రగుంట రైలింజిన్ల షెడ్డులో, ఆవిరి ఇంజిన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా ఉద్యోగం మొదలుపెట్టారు. డెన్వర్‌లో మా ఇంటికి వచ్చి నెలయినా, ఏం చూపించినా "బాగుంది" అని ఊరుకునేవారు.

ముందురోజు రాత్రి బస గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండు గదులు, ఒక్కోటి 172 డాలర్లు. జూన్ నెలే అయినా చామా దాదాపు 7,800 అడుగుల ఎత్తులో ఉంది, రాత్రి చలి ఎముకల్లోకి దిగుతుంది. అమ్మావాళ్ల గదిలో హీటర్ పనిచేయలేదు. అడిగితే, "వేసవిలో హీటర్లు వెయ్యం" అన్నాడు హోటలతను. అమ్మ చలికి వణుకుతోందని చెబితే వేరే గదికి 40 డాలర్లు అదనం అన్నాడు! కట్టాను. డబ్బు పోయినందుకు కాదు, వయసు మళ్లినవాళ్లను చూసి కూడా అలా మాట్లాడినందుకు బాధేసింది. పొద్దున అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

చామా దాటగానే ఎక్కుడు. నూరడుగులకి నాలుగడుగుల చొప్పున ఎక్కుతూ, 10,015 అడుగుల ఎత్తున్న కంబ్రెస్ కనుమ దాకా లాగాలి. మా రైలు ఇంజిన్ 1925లో తయారైంది, దానికి బొగ్గు చేత్తో పారతోనే వేశారు. నాన్న కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటూ నిలబడ్డారు. కాసేపటికి "ఇప్పుడు బొగ్గేశాడు చూడు" అన్నారు. తలెత్తితే పొగ నల్లబడింది. అలా నాలుగుసార్లు చెప్పారు, నాలుగుసార్లూ సరిగ్గానే చెప్పారు.

ఆ ఎక్కుడులోనే మసి రవ్వలు పడతాయి. ఆవగింజంత నల్లటి రవ్వ ఒకటి నాన్న తెల్లచొక్కా చేతి మీద వాలింది. నేను తుడవబోతే చెయ్యి పట్టుకుని, "రుద్దబాకమ్మా, ఊదు" అన్నారు. ఊదితే మరక లేకుండా ఎగిరిపోయింది. నా దుపట్టా మీద నేను రుద్దుకున్నవి మాత్రం ఇంకా పోలేదు. కళ్లకు అడ్డంగా అద్దాలు తప్పనిసరి. మేం 6 డాలర్ల ప్లాస్టిక్‌వి కొన్నాం, చాలు.

మధ్యాహ్నం దారిలోని ఓసియర్ స్టేషన్‌లో భోజనం, టికెట్‌లోనే కలిపి ఉంటుంది. అటునుంచి వచ్చే రైలు కూడా అక్కడే ఆగుతుంది. టర్కీ మాంసం, బంగాళదుంప ముద్ద పెట్టారు. అమ్మ మాంసం ముట్టదు, తెచ్చుకున్న పులిహోర తింది. నాన్న అన్నం సగంలో లేచి ఇంజిన్ దగ్గరికి వెళ్లారు. నేను వెళ్లేసరికి ఫైర్‌మన్ కుర్రాడు ఆయనకి పార చూపిస్తున్నాడు. నాన్నకి వచ్చిన ఇంగ్లిష్ కొంచెమే, అయినా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. వెళ్లొస్తానంటూ ఆ కుర్రాడు చేతితొడుగు తీసి మరీ చెయ్యి కలిపాడు.

ఆ తర్వాత టోల్టెక్ లోయ. పట్టాల పక్కనుంచి 600 అడుగుల కింద నది. అక్కడ అమ్మ కూడా గొండోలాలోకి వచ్చింది, నాన్న చెయ్యి పట్టుకుని కిందకి చూసింది. సొరంగంలో పొగ పట్టేస్తుంది, ముక్కుకి తడిగుడ్డ ఉంచుకోండి. ఆంటొనీటో నుంచి బస్సులో గంటకి చామా చేరాం.

డెన్వర్ వైపునుంచి వెళ్లేవాళ్లు రాత్రికి ఆంటొనీటోకి దగ్గర్లోని అలమోసా ఊళ్లో ఆగండి. పొద్దున ఆంటొనీటోలో కారు పెట్టి, రైలువాళ్ల బస్సులో చామా వెళ్లి, రైల్లో తిరిగి కారు దగ్గరికే రావచ్చు. వచ్చే ఏడాది నాన్నని అలాగే తీసుకెళ్తాను.