అసలే తక్కువున్నదా, చెక్కుచెదరనిదా: పాత బేస్‌బాల్ కార్డుల్లో ఏది మేలు?

2022 ఆగస్టు నెలలో అమెరికాలో రెండు చిన్న అట్టముక్కలు చేతులు మారాయి. మొదటిది 1909–11 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు. దానికి 72 లక్షల 50 వేల డాలర్లు వచ్చాయి. రెండోది టాప్స్ కంపెనీ 1952లో బబుల్‌గమ్‌తో కలిపి అమ్మిన మిక్కీ మాంటిల్ కార్డు. హెరిటేజ్ సంస్థ వేలంలో అది కోటీ 26 లక్షల డాలర్లు, అంటే అప్పటి మారకం లెక్కన సుమారు 100 కోట్ల రూపాయలు పలికింది. ఎక్కువ ధర పలికినదే ఎక్కువ అరుదైనది అయి ఉంటుందని కొత్తవారెవరైనా అనుకుంటారు. కానీ వాగ్నర్ కార్డులు లోకంలో ఉన్నవన్నీ కలిపినా 60కి అటూ ఇటూగానే ఉంటాయి. మాంటిల్ కార్డులనైతే కార్డు స్థితిని బట్టి పదికి ఇన్ని అని గ్రేడు ఇచ్చే పీఎస్ఏ అనే కంపెనీ ఒక్కటే 1,500కు పైగా పరిశీలించి ప్లాస్టిక్ పెట్టెల్లో బిగించింది. ఈ రంగంలో అరుదు అనే మాట రెండు వేర్వేరు సంగతులను చెబుతుందన్నమాట: ఒకటి వస్తువే తక్కువగా ఉండటం, రెండోది వస్తువు చాలానే ఉన్నా చెడిపోకుండా మిగిలినవి తక్కువగా ఉండటం. డబ్బు పెట్టేవారికి ఈ రెండింటిలో ఏది మేలన్నదే ఇక్కడి ప్రశ్న.

వాగ్నర్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఆడేవాడు. 1936లో గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు మొట్టమొదట ఎంపికైన ఐదుగురిలో ఒకడు. అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ బ్రాండ్ల ప్రచారం కోసం 500కు పైగా ఆటగాళ్ల బొమ్మలు అచ్చు వేసింది. కార్డుల జాబితాకర్త జెఫర్సన్ బర్డిక్ ఆ వరుసకు తరువాతి కాలంలో టీ206 అనే సంకేతం ఇచ్చాడు. సేకర్తలు నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. తన బొమ్మ వాడుకోవడానికి వాగ్నర్ ఒప్పుకోకపోవడంతో ఆ ఒక్క కార్డు ముద్రణ మధ్యలోనే ఆగింది. పిల్లలు బొమ్మ కోసం సిగరెట్లు కొనడం అతనికి నచ్చలేదని కొందరు, తనకు తగిన ప్రతిఫలం ఇవ్వలేదని కోపగించాడని మరికొందరు చెబుతారు. అతనే పొగాకు నమిలేవాడు కాబట్టి మొదటి కథను అనుమానించేవారూ లేకపోలేదు. కారణం ఏదైనా, ఈ కార్డు కొరత కాలక్రమంలో ఏర్పడినది కాదు, అచ్చుయంత్రం దగ్గరే ఏర్పడింది. ఆ సంఖ్య ఇకపై చెప్పుకోదగినంతగా పెరిగే అవకాశం దాదాపు లేదు.

న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆటగాడు మాంటిల్ కార్డు కథ వేరు. టాప్స్ 1952లో 407 కార్డులను విడతలుగా విడుదల చేసింది. 311వ సంఖ్యతో మొదలయ్యే చివరి విడత ఆటల సీజన్ ముగియవచ్చే వేళకు దుకాణాలకు చేరింది. అప్పటికి పిల్లల దృష్టి అమెరికన్ ఫుట్‌బాల్ మీదకు మళ్లింది. గిడ్డంగిలో మురిగిపోయిన ఆ సరుకును 1960లో టాప్స్ ఉద్యోగి సై బర్గర్ ఒక బార్జీకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. ఆ 311వ కార్డే మాంటిల్‌ది. సముద్రంలో కలిసిన కార్డు అనే మాటకు వేలంపాటల్లో మంచి గిరాకీ ఉంది గానీ, ఆ మాట చాటున ఒక అసలు విషయం మరుగున పడుతుంది: ముద్రణ ఫలకం మీద మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ బొమ్మలు రెండేసి సార్లు ఉండటం వల్ల, అదే విడతలోని మిగతా ఆటగాళ్ల కార్డులకంటే ఈ మూడూ ఎక్కువగానే అచ్చయ్యాయి. పైగా ఇది మాంటిల్ తొలి కార్డు కూడా కాదు. 1951లోనే బోమన్ కంపెనీ అతని కార్డు వేసింది. ఇన్ని ఉన్నా దీనికి ఇంత ధర రావడానికి కారణం, రెండో ప్రపంచ యుద్ధానంతర కాలపు కార్డులన్నింటికీ ఇది ప్రతీకగా నిలవడమూ, మచ్చలేని ప్రతులు బహు కొద్దిగా ఉండటమూను.

రెండింటి ధరలూ దేని మీద నిలబడి ఉన్నాయో చూస్తే తేడా స్పష్టమవుతుంది. 2021లో పీఎస్ఏ 9 గ్రేడు పొందిన మాంటిల్ కార్డు 52 లక్షల డాలర్లకు అమ్ముడైంది. పైన చెప్పిన కోటీ 26 లక్షల డాలర్ల కార్డుకు ఎస్‌జీసీ అనే మరో కంపెనీ 9.5 ఇచ్చింది. సగం పాయింటు తేడాకు ధర రెట్టింపు దాటిపోయింది. అదే కార్డు అట్టడుగు గ్రేడులో, మడతలతో, మాసిన అంచులతో ఉంటే లక్ష డాలర్లయినా రావు. వాగ్నర్ కార్డు విషయంలో ఇలా జరగదు. 72 లక్షలు తెచ్చిన వాగ్నర్ కార్డుకు దక్కిన గ్రేడు పదికి రెండే. దాదాపు సగం చిరిగిపోయిన మరో వాగ్నర్ కార్డును కూడా అదే 2022లో ఒకరు 15 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు.

నా తూకం ఒకవైపు మొగ్గేది ఇక్కడే. గ్రేడు అంటే కార్డులో అంతర్గతంగా ఉన్న గుణం కాదు. మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ కార్డు నడిమధ్యన ఉందా లేదా అన్నవి చూసి ఒక కంపెనీ ఇచ్చే అభిప్రాయం. ఆ అభిప్రాయం మారవచ్చు, తప్పనీ తేలవచ్చు. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడు చేసిన కార్డు కూడా ఒక వాగ్నరే. హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్కీ, అతని భాగస్వామి కలిసి 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్న ఆ ప్రతికి 8 గ్రేడు దక్కింది. 2007లో అది 28 లక్షలకు పోయింది. దాని అంచులను తానే కత్తిరించానని పూర్వపు యజమాని, వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. మన దగ్గర పాత నాణేన్ని చింతపండుతో తోమి మెరిపిస్తే సేకర్త దృష్టిలో దాని విలువ పడిపోయినట్టే, కత్తిరించిన కార్డుకు నిబంధనల ప్రకారం గ్రేడు సంఖ్యే రాకూడదు. ఇంత జరిగినా అది వాగ్నర్ కార్డే కాబట్టి దాని విలువ సున్నా కాలేదు. గ్రేడు మీదే ఆధారపడిన మాంటిల్ ప్రతికి ఇలాంటి దెబ్బ తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అయితే సంఖ్య తక్కువైతే చాలుననుకోవడమూ పొరపాటే. టీ206లోనే జో డోయల్ అనే బంతి విసిరే ఆటగాడి కార్డు ఒకటుంది. అతను బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఆడుతుండగా, నేషనల్ లీగ్‌లోని లారీ డోయల్‌తో పొరబడి న్యూయార్క్ నేషనల్ అని అచ్చు వేసి, తరువాత దిద్దారు. ఆ తప్పచ్చు ప్రతులు వాగ్నర్ కార్డులకంటే ఎంతో తక్కువ. ధర మాత్రం వాగ్నర్ దరిదాపులకు రాదు, ఎందుకంటే డోయల్ ఎవరో ఆటను శ్రద్ధగా చదివినవారికే తెలుసు. బేస్‌బాల్ చరిత్రలోనే ఎంతో పేరుమోసిన బేబ్ రూత్ ఇంకా బాల్టిమోర్‌లో చిన్న లీగ్ ఆటగాడిగా ఉన్న 1914లో, అక్కడి ఒక పత్రిక వేసిన కార్డు పదింటి దాకా మిగిలింది. 2023 డిసెంబరులో ఒకటి 72 లక్షల డాలర్లు తెచ్చింది. పది ప్రతులున్న రూత్, అరవై ఉన్న వాగ్నర్ దాదాపు ఒకే ధర దగ్గర ఆగారంటే, కొనేవారి కోరిక లేనిదే కొరతకు విలువ లేదని తెలుస్తోంది.

మాంటిల్ పక్షాన చెప్పవలసింది ఒకటుంది. ఏదో ఒక గ్రేడులో ఈ కార్డు ఏడాది పొడవునా అమ్మకానికి వస్తూనే ఉంటుంది కాబట్టి నేటి ధర ఎంతో చెప్పగలం, అవసరపడితే త్వరగా అమ్ముకోగలం. వాగ్నర్ బయటికి రావడమే అరుదు. పాత అమ్మకాన్ని చూసి కొత్త ధర ఊహించుకోవాలి. అయినా పది, ఇరవై ఏళ్లు దాచే ఉద్దేశం ఉన్నవారికి నేను వాగ్నర్ తరహా కొరతనే సూచిస్తాను.

కోట్ల మాట పక్కన పెట్టి వంద డాలర్లతో మొదలుపెట్టే వారికీ ఈ తేడా వర్తిస్తుంది. మడతలు పడ్డ సాధారణ ఆటగాడి టీ206 కార్డు అంతలోపే దొరుకుతుంది. అదే డబ్బుకు 1980ల చివర లెక్కలేనన్ని అచ్చయిన కార్డుల్లో 10 గ్రేడు పొందినదీ రావచ్చు. ఆ కాలపు కార్డులు పెట్టెలకు పెట్టెలు విప్పకుండానే ఉన్నాయి గనుక 10 గ్రేడు ప్రతులు ఇంకా పుడుతూనే ఉంటాయి. టీ206 కొనేవారు మాత్రం నకళ్లు విరివిగా తిరుగుతున్నాయని గుర్తుంచుకొని, గుర్తింపు పొందిన కంపెనీ పెట్టెలో బిగించినదే తీసుకోవాలి.